మీకు తెలుసా? తాటిపండు లోపల కాదు, పిండిలోనే!

పాశ్చాత్యుల ‘పై’, ‘టార్ట్’ వంటి వాటిలో పండు పిండి పొర మధ్యలో ఉంటుంది. మన తాటి రొట్టెలో పండూ పిండీ వేరువేరుగా ఉండవు. శ్రావణ భాద్రపదాల్లో చెట్టు కింద రాలిన పండును ఏరుకొచ్చి, తొక్క ఒలిచి, టెంకను చేత్తో పిసుకుతూ పీచు నుంచి నారింజరంగు గుజ్జు తీస్తారు. వేళ్లు పసుపెక్కుతాయి, వాసన సాయంత్రం దాకా వదలదు. ఆ గుజ్జులో బియ్యపు రవ్వ, బెల్లం కలిపి సన్నని సెగ మీద మందంగా కాలుస్తారు. అదే గుజ్జును వరిపిండితో కలిపి నూనెలో వేస్తే తాటి బూరెలు. గుజ్జులో కాస్త చేదు ఉంటుంది కనుక బెల్లం విషయంలో పిసినారితనం పనికిరాదు. మిగిలిన టెంకలను మట్టిలో పాతితే కొన్ని నెలలకు తేగలు!

ఖమ్మం దాటి భద్రాచలం అడవుల వైపు వెళ్తే తీపి మారుతుంది, ఇప్పచెట్టు ఎదురవుతుంది. వేసవి మొదట్లో తెల్లవారకముందే రాలే పూలను కోయ ఆదివాసీ కుటుంబాలు ఏరి ఎండబెడతాయి. పువ్వులోనే చక్కెర దండిగా ఉంటుంది. అటు ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఈ పూలతో లడ్డూలు చేస్తున్నారు. ఇప్పగింజల నూనె వంటకూ వాడతారు. అంటే పిండివంటకు తీపి, వేయించే నూనె రెండూ ఒకే చెట్టు ఇవ్వగలదు!



తిరిగి పిండి పొరలో కూరే సంగతికి వస్తే, కజ్జికాయలో కొబ్బరి ఉంటుంది; కొబ్బరికాయ కూడా వృక్షశాస్త్రం లెక్కలో పండే. ఆ లెక్కన పండులోని భాగాన్ని కూరిన పిండివంట మనింట్లో ఎప్పటి నుంచో ఉంది.