భూగర్భ నాణేలు – లోహశోధకాలు

సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధక్షేత్రంలో 2024లో జరిగిన తవ్వకాలలో ఒక మట్టికుండ బయల్పడింది. అందులో ఇక్ష్వాకుల కాలపు 3,730 సీసపు నాణేలున్నాయి. ఇటువంటి నిక్షేపాల జాడ తెలిపే సాధనం లోహశోధకం. దాని తీగచుట్టలోని అయస్కాంత క్షేత్రం భూమిలోని లోహంలో విద్యుత్తును ప్రేరేపిస్తుంది. ఆ ప్రతిస్పందనే ధ్వనిగా వినిపిస్తుంది.

అల్ప పౌనఃపున్య శోధకం లోహాల భేదాన్ని సూచిస్తుంది. కాని ఖనిజాలు మిక్కుటమైన నేలలో తడబడుతుంది. స్పంద ప్రేరణ శోధకం అట్టి నేలలోనూ లోతుకు చేరుతుంది. అయితే ఇనుపమేకును, నాణేన్ని స్పష్టంగా వేరుచేయలేదు. తీగచుట్ట వెడల్పైనకొద్దీ లోతు పెరుగుతుంది, చిన్న నాణెం మాత్రం తప్పిపోతుంది. కనుక పైపొరలోని విడి నాణేనికి మొదటిది, లోతైన కుండకు రెండవది తగినది.

నాణెం చరిత్రకు దాని చుట్టూ ఉన్న మట్టిపొరే సాక్ష్యం. అనుమతి లేని తవ్వకం ఆ సాక్ష్యాన్ని చెరిపివేస్తుంది. కోదాడ, మిర్యాలగూడ పొలాలలో నాగలికి నిక్షేపం తగిలినా, 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయడమే ధర్మం.