ఒక బెంచీవాళ్ళం

హైస్కూలు స్నేహితులు పాతికేళ్ళకో ముప్ఫయ్యేళ్ళకో మళ్ళీ కలుసుకోవడం ఈమధ్య ఊరూరా ఒక పండుగ అయిపోయింది. వాట్సాప్ పుణ్యమా అని పది నంబర్లు పోగైతే చాలు, పదీ యాభై అవుతాయి. ఎవరో ఒక ఉత్సాహవంతుడు నడుం బిగిస్తాడు. హాలు మాట్లాడతారు, వంటవాడికి బయానా ఇస్తారు, పాత మేష్టార్లకు శాలువాలు కొంటారు. అంతా బాగానే ఉంటుంది. కాని ఆ హాల్లో ప్రతివాడూ ప్రతివాణ్ణీ అడిగే ప్రశ్న ఒకటుంది చూశారూ: "ఇప్పుడేం చేస్తున్నావు?" వినడానికి ఎంతో సాదా ప్రశ్న. దానికి జడిసే సగంమంది గడప దాటి రారంటే నమ్ముతారా?

మాది 1996 నాటి పదో తరగతి. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేటల పిల్లలమే ముప్పాతికమందిమి. మేము ఇంటర్మీడియట్ ముగించిన 1998లోనే మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. ఆ గాలి అందుకున్నవాళ్ళు కొందరు అమెరికా దాకా ఎగిరిపోయారు. కొందరు బ్యాంకుల్లో, బళ్ళల్లో కుదురుకున్నారు. నావంటివాడు తెలుగు ఎమ్.ఏ. చేసి కళాశాలలో పాఠాలు చెప్పుకుంటున్నాడు. మొన్న నారాయణగూడలో ఒక హాల్లో కలుసుకుందామనుకున్నప్పుడు పెద్దలు తలా రెండువేలు చందా వేశారు. తరగతిలో యాభైతొమ్మిది మందిమి, వచ్చింది ముప్ఫైనలుగురు.

వచ్చినవాళ్ళ సంబరం చెప్పతరం కాదు. మగవాళ్ళం "ఏరా" అనుకోవడానికి అరనిమిషం పట్టలేదు. చిక్కల్లా ఆడవాళ్ళతోనే వచ్చింది. ఆ రోజుల్లో ఒకే గదిలో అయిదేళ్ళు కూర్చున్నా నోరు విప్పి మాట్లాడుకున్న పాపాన పోలేదు. ఇప్పుడు "నువ్వు" అనాలా, "మీరు" అనాలా? "మీరు" అంటే సంతలో పరిచయంలా ఉంటుంది, "నువ్వు" అంటే వెనక నిలబడ్డ ఆయనగారు ఏమనుకుంటారో! చివరికి సర్వనామం లేకుండానే వాక్యాలు పూర్తిచేశాం. "పిల్లలెంతమంది? ఇల్లెక్కడ?" అని. తెలుగు వ్యాకరణం ఆదుకుంది కనుక బతికిపోయాం.

అసలు ఆడపిల్లకు చిన్ననాటి సహాధ్యాయి అనే చుట్టం దొరకడమే ఒకప్పుడు అపురూపం సుమండీ. నిజాం కాలంలో, ఉర్దూ చదువులు రాజ్యమేలుతున్న హైదరాబాదులో, 1928లో మాడపాటి హనుమంతరావుగారి పూనికతో నారాయణగూడలో ఆంధ్ర బాలికల పాఠశాల వెలిసింది. తెలుగింటి ఆడపిల్లలు తెలుగులో చదువుకునే వీలు నగరంలో అలా కలిగింది. ఇప్పుడు చదువుకైతే కొరత లేదు గాని, పెళ్ళవగానే ఇంటిపేరు మారి, ఊరు మారి, ఆడపిల్ల ఆచూకీ దొరకడమే గగనమవుతోంది. మా లెక్కల్లో ఎప్పుడూ మొదట నిలిచిన అమ్మాయిని పట్టుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. వచ్చింది. "ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగారెవరో. "ఏముంది, ఊరికే ఇంట్లోనే ఉన్నాను" అంది.

"ఊరికే" అట! మంచాన పడ్డ అత్తగారికి తొమ్మిదేళ్ళు సేవ చేసింది. ఇద్దరు పిల్లలకు ట్యూషన్ మొహం చూపించకుండా లెక్కలు తానే చెప్పి ఇంజనీర్లను చేసింది. ఈ సంగతులు భోజనాల దగ్గర పక్కన కూర్చున్న స్నేహితురాలు అడిగితే బయటపడ్డాయి. నిఘంటువులో "ఊరికే" అన్న మాటకు ఈ అర్థం ఇంకా ఎక్కలేదు.

ఇక రానివాళ్ళ సంగతి. మా వెనక బెంచీవాడొకడు అశోక్‌నగర్‌లోనే, హాలుకు నడిచి వచ్చేంత దూరంలోనే ఉన్నాడు. వాడూ రాలేదు. తర్వాత నాలుగు రోజులకు నేనే వెళ్ళాను. అశోక్‌నగర్ తెలియనివాళ్ళకు ఒక మాట. సర్కారు కొలువుల పరీక్షలకు శిక్షణ ఇచ్చే కేంద్రాలకు ఆ పేట పుట్టినిల్లు. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు గదికి నలుగురు, అయిదుగురు చొప్పున సర్దుకుని, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దుటినుంచి రాత్రిదాకా పుస్తకాలమీద వాలిపోయి ఉంటారు. ఆ కష్టం ఎలాంటిదో ఒక్క లెక్క చాలు. 2022లో తెలంగాణ గ్రూప్-1 కొలువులు 503 ప్రకటిస్తే దరఖాస్తులు 3 లక్షల 80 వేలు దాటాయి. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాలు బయటికి పొక్కాయని 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ జరిగింది. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. 2024లో 563 కొలువులకు కొత్త ప్రకటన వచ్చి, కథ మళ్ళీ మొదటికి వచ్చింది. ఆ రెండేళ్ళూ "ఏం చేస్తున్నావు?" అన్నవాడికి ఆ పిల్లలు ఏమని చెబుతారు?

మావాడు తన కాలంలో అలా ఏళ్ళతరబడి పరీక్షలు రాసినవాడే. వయసు దాటాక అదే వీధిలో జిరాక్సు దుకాణం పెట్టుకున్నాడు. నన్ను చూసి టీ తెప్పించాడు.

"ఎందుకు రాలేదురా?" అన్నాను.

"వస్తే ఏం జేస్తున్నవని అడుగుతరు గదరా. రెండుసార్లు ఇంటర్వ్యూదాక పోయొచ్చిన. అది ఎవరికి గావాలె? జిరాక్సు దుకాణమంటే అయ్యో అంటరు. రెండువేలు కట్టి అయ్యో అనిపించుకునుడెందుకు?"

నాకు మారుమాట తోచలేదు.

మన పురాణాల్లో చిన్ననాటి సహాధ్యాయులు పెద్దయ్యాక కలుసుకున్న ఘట్టాలు రెండు ప్రసిద్ధాలు. ఒకటి ద్రోణుడిది. బిడ్డ పాలకోసం ఆవునడగడానికి వెళితే, రాజుకూ పేదకూ స్నేహమేమిటని ద్రుపదుడు పొమ్మన్నాడు. ఆ అవమానం అర్ధరాజ్యం పోయేదాకా, ధృష్టద్యుమ్నుడు పుట్టి ద్రోణుణ్ణి చంపేదాకా చల్లారలేదు. రెండోది కుచేలుడిది. చిరిగిన బట్టతో వచ్చినవాణ్ణి శ్రీకృష్ణుడు ఏం పని చేస్తున్నావని అడగలేదు. గురుపత్నికోసం కట్టెలకు వెళ్ళి అడవిలో వానకు చిక్కుకున్న రోజు జ్ఞాపకముందా అన్నాడు. ఆపైన, నాకేం తెచ్చావని అడిగాడు. ఏమీ లేనివాడని లోకమంతా అనుకునేవాణ్ణి పట్టుకుని, నీ దగ్గర నాకివ్వవలసింది ఉంది అన్నాడన్నమాట! కుచేలుడి అటుకులకు అంత విలువ వచ్చింది ఆ అడగడంలోనే.

ఆ ఆలోచనతోనే మావాణ్ణి అడిగాను, "మన పదో తరగతి ఫోటో ఎవరి దగ్గరా లేదురా, నీ దగ్గరుందా?" అని. వాడి మొహం విప్పారింది. అట్టపెట్టెలోంచి తీశాడు, అంచులు పసుపెక్కినా ముఖాలు చెక్కుచెదరలేదు. రెండో కలయిక చందా లేకుండా చిక్కడపల్లిలో ఒకరి డాబామీద పెట్టుకున్నాం. ఎవరింటినుంచి ఏది వీలైతే అది వండి తెచ్చారు. మెట్రో స్టేషను దగ్గరే కావడంతో దూరంవాళ్ళూ తేలిగ్గా వచ్చారు. మావాడు ఆ ఫోటోను పెద్దది చేయించి, మనిషికొకటి చొప్పున యాభై ప్రతులు తెచ్చాడు. డబ్బివ్వబోతే పుచ్చుకోలేదు. లెక్కల అమ్మాయి ఆ ఫోటోలో ఒక్కొక్కరినీ చూపిస్తూ యాభైతొమ్మిది పేర్లూ తడుముకోకుండా చెప్పేసింది. నలభైఒక్కమంది వచ్చామారోజు.

ఇంకా పద్ధెనిమిదిమంది రావాలి. వాళ్ళలో ఇద్దరు ఇక రాలేరు. తక్కినవాళ్ళకోసం వెతుకుతున్నాం. మీ ఇళ్ళల్లోనూ ఇటువంటి సభ తలపెడుతుంటే నాదొక మనవి. చందా తగ్గించండి, మైకు మానెయ్యండి. రానివాడి ఇంటికి ఒకసారి మీరే వెళ్ళండి. వెళ్ళినప్పుడు ఉద్యోగం ఊసెత్తకుండా, వచ్చేటప్పుడు ఏం తెస్తావురా అని అడిగి చూడండి.