దీపం దగ్గరికొచ్చే దొంగతల్లి

సాయంత్రం దీపం వెలగ్గానే ఎక్కణ్నుంచో వచ్చి వాలే పురుగుల్లో గోధుమరంగువి బోలెడు. అన్నీ ఒక్కలాగే ఉంటాయి. కానీ ముందురెక్క మధ్యలో సూదిమొనతో పెట్టినట్టు ఓ తెల్లచుక్క, రెక్క కొసనుంచి లోపలికి ఏటవాలుగా నల్లగీత కనిపిస్తే మాత్రం వరి రైతు ఉలిక్కిపడాల్సిందే. అది కంకి కత్తిరించు పురుగు తల్లి!

నిజానికి ఈ రెక్కల పురుగు పంటనేమీ చేయదు. పూలలో తేనె తాగి బతికేస్తుంది. చిక్కంతా పిల్లలతోనే. గట్లమీది గడ్డిలో, వరిలో ఆకు మడతల్లోకి దూరి వరసగా గుడ్లు పెడుతుంది. వారంలోపే అవి పొదుగుతాయి. పిల్లపురుగులు మొదట లేతాకుల్ని గీకి తింటాయి. చర్మం విడిచినప్పుడల్లా ఆకలి పెరుగుతుంది. పగలంతా నేల నెర్రెల్లో, దుబ్బుల మొదళ్లలో దాక్కుని చీకటి పడ్డాక పైకెక్కి కంకులు కొరుకుతాయి. తినేది కొంచెం, రాల్చేది ఎక్కువ. తెల్లారి చూస్తే రాలిన కంకులే తప్ప దొంగ దొరకదు!

రెండు మూడు వారాలు అలా మేశాక మట్టిలోకి దూరి ప్యూపాగా మారుతుంది. మరో వారం పదిరోజులకు మళ్లీ రెక్కలు. మేత చాలకపోతే పురుగులు దండుగా పక్క పొలానికి నడిచిపోతాయి. ఇంగ్లిషులో ఆర్మీవార్మ్ అనేది అందుకే. రెక్కలొస్తే ఇక చెప్పేదేముంది... చైనాలో ఇవి ఏటా వసంతంలో దక్షిణంనుంచి ఉత్తరానికి వందల కిలోమీటర్లు ఎగిరిపోతాయట.

దీపం కింద తెల్లచుక్క కనిపించిన మర్నాడే గట్లమీది గడ్డి విప్పి చూడటం మంచిది. పురుగు ఉంటే పొలంలో నీళ్లు నిలబెట్టాలి. నెర్రెల్లోవి పైకి తేలతాయి. మిగతా పని కొంగలూ కాకులూ చూసుకుంటాయి.