విమానమున ఏ వైపు కిటికీ?

రఘువంశము పదమూడవ సర్గలో కాళిదాసు శ్రీరాముని పుష్పకముపై లంకనుండి అయోధ్యకు కొనిపోయినాడు. త్రోవ పొడవునను రాముడు సీతకు క్రింది భూమిని చూపుచు పోవును. అది సముద్రము, అది మాల్యవంతము, అల్లది పంప, అదియే గోదావరి. ఆ పిమ్మట చిత్రకూటము, గంగాయమునల సంగమము, తుదకు సరయువు. ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. వానిలో పెక్కు చోట్ల రాముడు కాలినడకను తిరిగియుండెను. కావుననే పైనుండి చూచినంతనే పేరుపేరున చెప్పగలిగెను. ఎరుగనివానికి ఆ యెత్తునుండి కనుపించునది కొంత పచ్చన, కొంత నీలము మాత్రమే.

నేడు విమానయానము మునుపటివలె అపురూపము కాదు. అయినను మన ఉపాధ్యాయులలోను, విద్యార్థులలోను పలువురకు అది జన్మమున ఒకటి రెండు మారులు మాత్రమే లభించు భాగ్యము. అట్టివారు కిటికీచెంత సీటు కావలెనని కోరుదురు గాని, ఏ వైపు కిటికీ యని విచారింపరు. ఆ విచారమునకు కావలసిన సాధనము బడిగోడకు వ్రేలాడు భూపటమే.

ఢిల్లీనుండి బాగ్డోగ్రాకు పోవు విమానమును తీసికొందము. అది తూర్పుగా, కొంచెము దక్షిణమునకు ఒరగి పోవును. హిమాలయములు ఉత్తరమున ఉన్నవి. కావున అవి ఎడమవైపున కనుపించును. తిరుగు ప్రయాణమున కుడివైపు. ఆకాశము నిర్మలముగా నున్నచో వరుసగా ధవళగిరి, అన్నపూర్ణ, ఎవరెస్టు, చివరకు 8,586 మీటర్ల కాంచనగంగ దర్శనమిచ్చును. విమానము దిగుచున్న కొలది శిఖరములు మన కంటికంటె పైకి లేచినట్లు తోచును. కుడివైపు కూర్చున్నవారికి ఆ రెండు గంటలును గంగామైదానమే. సీటు సంఖ్య ప్రక్కన ‘ఎ’ అను అక్షరమున్నచో అది ఎడమ కిటికీ. వరుసకు ఆరు సీట్లున్న విమానములలో ‘ఎఫ్’ కుడి కిటికీ.

దిక్కు తరువాత చూడవలసినది సూర్యుని. ఎండ కంటికెదురుగా నున్నచో అద్దము మెరయును, దూరదృశ్యము మసకబారును. ఆ ప్రాంతమున మధ్యాహ్నసూర్యు డెల్లప్పుడును దక్షిణముననే యుండును గనుక, ఉత్తరమునకు చూచువానికి వెలుగు వీపువెనుకనుండి వచ్చి మంచుకొండలపై పడును. వానలు వెళ్లిన పిదప అక్టోబరు, నవంబరు మాసములును, మబ్బులు పెరుగకముందు ఉదయవేళయు శ్రేష్ఠములు. ఎండలేని వైపున మరియొక వింతయు గలదు. క్రింద మేఘములున్నపుడు విమానపు నీడ వానిపై పడి, దానిచుట్టు రంగురంగుల వలయములు ఏర్పడును. మేఘమందలి నీటిబిందువులు వెలుగును వచ్చిన దారినే మరలించుటచే ఇది కలుగును.

మూడవది రెక్క. జెట్ విమానములలో రెక్కలు సాధారణముగా కిటికీల క్రింద నుండును. నడుమ కూర్చున్నవారికి రెక్కయే లోకము. రెక్క వెనుకనున్నవారికి ఇంజనునుండి వెడలు వేడిగాలిలో దృశ్యము చలించును. అందుచే రెక్కకు ముందు వరుసలు మేలు. ఏటీఆర్ వంటి చిన్న విమానములలో రెక్క కిటికీలకు పైన నుండుటచే క్రిందిచూపునకు అడ్డము రాదు.

ఎంతదూరము కనుపించునన్న ప్రశ్నకు గణితము జవాబు చెప్పును. ఎత్తును మీటర్లలో తీసికొని, దాని వర్గమూలమును 3.57 చే గుణించినచో దిగంతదూరము సుమారుగా కిలోమీటర్లలో వచ్చును. 10,000 మీటర్ల యెత్తునుండి అది 357 కిలోమీటర్లు. ఉన్నతశిఖరములు అంతకంటె దూరమునుండియు కనుపింపవచ్చును. పొగమంచు మాత్రమే శత్రువు.

ఈ పాఠమునకు టిక్కెట్టు అక్కరలేదు. తరగతిలో భూపటముపై చెన్నపట్టణమునుండి విశాఖపట్నమునకు బద్దనుంచి గీత గీయింపుడు. తీర మే వైపున నుండును? ఎడమవైపున. కృష్ణ సముద్రమున కలియు చోటును, గోదావరి పాయలును, కోనసీమయు ఆ వైపుననే. ఉదయమున సూర్యుడు కుడివైపున నుండును గనుక నేల చక్కగా వెలుగును. సాయంకాలము తిరిగి వచ్చునపుడు తీరమును, సూర్యుడును ఒకే వైపున నుందురు. అప్పుడేమి చేయవలెనో పిల్లలే ఆలోచింతురు. ఆ నదుల పేర్లను, దిక్కులను నేడు నేర్చిన బాలుడు ఎన్నడో ఒకనాడు విమానమెక్కినపుడు, ప్రక్కనున్నవారికి వ్రేలితో చూపి ‘అదిగో గోదావరి’ యని చెప్పగలడు.