పదమూడు పరమాణువుల అయస్కాంతం

రోడియం ముక్క పక్కన అయస్కాంతం పెట్టండి, కదలదు. కార్ల క్యాటలిటిక్ కన్వర్టర్లలో పొగను శుద్ధిచేసే ఈ ఖరీదైన లోహానికి అయస్కాంతంతో పొత్తు లేదు. అలాంటిది 1993లో బి.వి. రెడ్డి, ఎస్.ఎన్. ఖన్నా, బి.ఐ. డన్‌లప్ కంప్యూటర్‌పై లెక్కలు వేసి, పదమూడు పరమాణువుల గుంపుగా ఉంటే రోడియం అయస్కాంతమవుతుందన్నారు. పల్లేడియం, రుథీనియంల సంగతీ అంతేనన్నారు.

ఎందుకలా? నూజివీడులో ఏప్రిల్, మే నెలల్లో షెడ్ల ముందు రాశులు పోసిన మామిడికాయలను చూడండి. లోపలి కాయకు అన్ని వైపులా పొరుగే, పైకాయకు సగమే. రోడియం ముద్ద లోపల ప్రతి పరమాణువుకూ పన్నెండు పొరుగులు. పదమూడింటి గుంపులో మాత్రం నడిమి దానికే పన్నెండు, చుట్టూ ఉన్నవాటికి ఆరేసి. పొరుగు ఎక్కువైతే ఎలక్ట్రాన్లు ఒకచోట నిలవక సాగిపోతాయి, వాటి శక్తిస్థాయులు వెడల్పుగా పరుచుకుంటాయి, ఒక్కో ఎలక్ట్రాన్‌ను చిన్న అయస్కాంతంగా చేసే స్పిన్‌లు ఎదురెదురుగా జతకడతాయి. పొరుగు తగ్గితే స్థాయులు ఇరుకున పడతాయి. అప్పుడు స్పిన్‌లు ఒకే వైపు తిరిగి ఉండటమే తక్కువ ఖర్చు.

లెక్క సరే, రుజువేది? అందుకు డెబ్భై ఏళ్లనాటి యంత్రమే దిక్కయింది. 1922 ఫిబ్రవరిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఓటో స్టెర్న్ ఆలోచన ప్రకారం వాల్టర్ గెర్లాఖ్ కొలిమిలో ఆవిరైన వెండి పరమాణువులను మూడున్నర సెంటీమీటర్ల అయస్కాంతం పక్కగా పంపాడు. గాజుపలకపై పడిన గీత రెండుగా చీలింది, అంటే పరమాణువులు చిన్న అయస్కాంతాల్లా పక్కకు ఒరిగాయి. చీలిక వెడల్పు 0.2 మిల్లీమీటర్లు. మొదట పలక మీద ఏమీ కనబడలేదట. తను కాల్చే చవకరకం చుట్టల పొగలోని గంధకం తగిలి వెండి నల్లబడ్డాకే గీత తేలిందని స్టెర్న్ తర్వాత చెప్పుకున్నాడు. ఎంత నిజమో గానీ, నాకిష్టమైన కథ ఇది.

1993లోనే వర్జీనియా విశ్వవిద్యాలయంలో కాక్స్, లౌడర్‌బ్యాక్, బ్లూమ్‌ఫీల్డ్ ఆ యంత్రానికి కొత్త ఒళ్లు తొడిగారు. కొలిమి పోయి లేజర్ వచ్చింది. అది రోడియం మీద పడగా లేచిన ఆవిరి హీలియంలో చల్లారి, పదేసి ఇరవయ్యేసి పరమాణువుల గుంపులు కట్టింది. సన్నని చీలికల గుండా పుంజంగా సాగి, అయస్కాంతం పక్కగా వెళ్లింది. గుంపులను చివర్లో బరువును బట్టి వేరుచేసి, ఏది ఎంత పక్కకు ఒరిగిందో చూశారు.

వెండిలా ఇవి రెండుగా చీలలేదు. అన్నీ బలమైన క్షేత్రం వైపే ఒరిగాయి. గుంపు అయస్కాంత దిశ వేడికి అటూఇటూ ఊగుతున్నా, సగటున క్షేత్రం వైపే మొగ్గుతుంది. రోడియం నిజంగానే అయస్కాంతమైంది! అయితే లెక్క పదమూడింటి గుంపుకు 21 బోర్ మాగ్నెటాన్లు (పరమాణువుల అయస్కాంత బలానికి కొలమానం) ఇచ్చింది, యంత్రం చూపింది ఆరు దరిదాపు. అరవై పరమాణువులు దాటేసరికి ఆ కాస్తా మాయం. పల్లేడియం, రుథీనియం గుంపుల్లో ఏమీ పట్టుబడలేదు.

రుథీనియానికి 2018లో మరో దారి దొరికింది. మామూలుగా షడ్భుజి పేర్పులో ఉండే ఆ లోహాన్ని మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు మాలిబ్డినం పొరపై, చతురస్ర పేర్పులో, కొన్ని నానోమీటర్ల పొరగా పెంచారు. ఇనుము, కోబాల్ట్, నికెల్‌ల తర్వాత గది ఉష్ణోగ్రతలో అయస్కాంతమైన నాలుగో మూలకం అదేనని ప్రకటించారు.