పోలిక దేనితో?

రెజ్యూమెలో ‘రిగ్రెషన్ వచ్చు’ అని రాశారా? అయితే ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్నకు సిద్ధంగా ఉండండి: కనీస వేతనం పెంచితే హోటళ్లు మనుషుల్ని తీసేస్తాయా? ముందూ తర్వాతా లెక్క చూస్తే చాలంటే తప్పులో కాలేసినట్టే. ఆ మధ్యలో వ్యాపారమే పడిపోయి ఉండొచ్చు కదా!

1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ గంటకు కనీస వేతనాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచింది. పొరుగునున్న పెన్సిల్వేనియా పెంచలేదు. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ ఈ రెండు చోట్లా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను పెంపునకు ముందు, తర్వాత సర్వే చేశారు. దుకాణానికి సగటు సిబ్బంది న్యూజెర్సీలో 20.44 నుంచి 21.03కు చేరింది. పెన్సిల్వేనియాలో 23.33 నుంచి 21.17కు తగ్గింది. (పార్ట్‌టైమ్ వాళ్లను అర మనిషిగా లెక్కేశారు లెండి.) రెండు మార్పుల మధ్య తేడా సుమారు 2.75. అంటే వేతనం పెరిగినా ఉద్యోగాలు పోలేదు. ఈ పద్ధతి పేరే ‘డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్’. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది.

కిటుకంతా ఒక ఊహలో ఉంది: పెంపు లేకపోతే రెండు రాష్ట్రాలూ ఒకేలా నడిచేవని. అది నిజమేనా అని అడిగితే తడబడకూడదు. న్యూమార్క్, వాషర్ అనే ఇద్దరైతే పేరోల్ రికార్డులు తీసి ఫలితాన్నే కాదన్నారు. ఆ వాదులాట తప్పక చదవండి, పాఠ్యపుస్తకం కంటే ఎక్కువ నేర్పుతుంది.

మన కేంద్ర గణాంక శాఖ లేబర్ ఫోర్స్ సర్వే డేటాను ఉచితంగా ఇస్తోంది. ‘ఆర్’ సాఫ్ట్‌వేర్‌కూ పైసా ఖర్చు లేదు. రెండు పొరుగు రాష్ట్రాలు, ఒకదాంట్లోనే వచ్చిన ఒక మార్పు ఎంచుకుని ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి.