తెలంగాణా పోరాటం - పరాయి ప్రభుత్వాలు - మన రచయితలు

తెలంగాణా పోరాట నవలల మీద పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థిని ఇటీవల నన్నొక ప్రశ్న వేసింది. "1946 నుంచి 1951 దాకా నల్లగొండలో అంత పెద్ద తిరుగుబాటు జరిగింది గదా, అప్పుడు పరాయి దేశాలు ఏం చేస్తున్నాయి? మన నవలల్లో ఆ ఊసే లేదేమిటండీ?" అని. "గ్రామం కథ గనుక గ్రామం వరకే రాశారు" అన్నాను. ఇంటికి వచ్చి ఆలోచిస్తే అది జవాబు కాదనీ, తప్పించుకోవడమనీ తోచింది. ఈ వ్యాసం ఆమెకు నేను బాకీపడిన జవాబు.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ సాహిత్యం మీద నేను గతంలో రాసిందంతా దొర, గడీ, వెట్టి, సంఘం అనే నాలుగు మాటల చుట్టూనే తిరిగింది. ఆ మాటల్లో అబద్ధం లేదు. విసునూరు దేశ్‌ముఖ్ కింద 40 వేల ఎకరాలు, సూర్యాపేట తాలూకా జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షా యాభై వేల ఎకరాలు ఉన్న చోట గడీని చూడకుండా ఏ రచయితా కథ మొదలుపెట్టలేడు. కాని గడీ దేని మీద నిలబడింది? పటేలు, పట్వారీల మీద. వారి వెనక దేశ్‌ముఖ్, దేశ్‌ముఖ్ వెనక నిజాం. మన నవలలు ఎక్కువగా ఇక్కడ ఆగిపోతాయి. నిజాం వెనక ఎవరు?

1798లో నిజాం సైన్యసహకార ఒడంబడిక మీద సంతకం చేసిన నాటి నుంచి హైదరాబాదు సింహాసనానికి కాపలా కాసింది ఇంగ్లీషు సైన్యమే. సికింద్రాబాదు కంటోన్మెంటు అందుకే పుట్టింది. ఈ కాపలా బయటి శత్రువుల కోసమేనని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో జనం కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి నడిచారు. నిజాం దివాను సాలార్‌జంగు ఇంగ్లీషువారి పక్షాన నిలిచాడు. తుర్రేబాజ్ ఖాన్ చివరకు పట్టుబడింది పాలమూరు ప్రాంతంలోని మొగిలిగిద్ద అడవుల్లో. జైలునుంచి తప్పించుకుని 1859లో తూప్రాన్ దగ్గర చనిపోయాడు. అంటే నిరంకుశ ప్రభువూ, పరాయి ప్రభుత్వమూ ఒకరినొకరు కాపాడుకునే ఏర్పాటు ఇక్కడ పోరాటానికి దాదాపు తొంభై ఏళ్ళ ముందే రక్తం చూసింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో చేసిన సహాయానికి మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కిన బిరుదే "బ్రిటిష్ ప్రభుత్వపు విశ్వాసపాత్ర మిత్రుడు". ఆ విశ్వాసానికి ఎవరు పన్ను కట్టారో కడవెండి, పాలకుర్తి రైతులనడిగితే చెప్పేవారు. (ఆనాటి రెసిడెన్సీ భవనమున్న మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెడుతున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది 2024లో.)

ఈ దృష్టితో చూస్తే దాశరథి రంగాచార్య నవల పేరే నాకు ఇప్పుడు కొత్తగా వినిపిస్తున్నది. 1969లో వచ్చిన 'చిల్లర దేవుళ్ళు' అన్న పేరులోనే పెద్ద దేవుడొకడు వేరే ఉన్నాడన్న సూచన ఉంది. నవల ఆ పెద్ద దేవుడి గుడిదాకా వెళ్ళదు. వెళ్ళలేదని తప్పు పట్టను. ఆ నవల పోరాటానికి ముందటి స్థితిని చిత్రించింది. నల్లగొండ జిల్లావాడే అయిన వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' కూడా అంతే. మనం తప్పుపట్టవలసింది ఆ పెద్దలను కాదు, వారు ఆపిన చోటునుంచి ముందుకు పోని మనల్ని.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగేనాటికి ఇంగ్లీషువాడు మూట సర్దుకుంటున్నాడు. పారమౌంట్సీ, అంటే సంస్థానాల మీద బ్రిటిష్ రాజ్యానికున్న పై అధికారం, ఎవరికీ బదిలీ కాకుండా రద్దవుతుందని లండన్ ప్రకటించింది. దీని అర్థం సాహిత్య విద్యార్థులు జాగ్రత్తగా గ్రహించాలి. ప్రజలకు అధికారం వస్తుందని కాదు. ఇన్నాళ్ళూ నిజాంను కట్టిపడేసిన పగ్గమూ, నిలబెట్టిన ఊతకర్రా రెండూ ఒకేసారి తొలగిపోయాయని. నిజాం పగ్గం తెగిందన్నంత వరకే చూశాడు. తాను స్వతంత్ర రాజునని 1947 జూన్‌లో ఫర్మానా ఇచ్చాడు. నల్లగొండ రైతు ఊతకర్ర పోవడం చూశాడు. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ 1947 సెప్టెంబరు 11న సాయుధ పోరాటానికి పిలుపునిచ్చింది ఈ ఖాళీలోనే. మూడు నెలలు తిరక్కుండా, నవంబరు 29న, భారత ప్రభుత్వం అదే నిజాంతో యథాతథ ఒప్పందం చేసుకున్నది. రజాకార్లు ఊళ్ళు తగలబెట్టింది ఆ ఒప్పందం అమలులో ఉన్న నెలల్లోనే.

ఇక పరాయి ప్రభుత్వాలు. బ్రిటన్ అధికారికంగా చేతులు కడుక్కున్నది. అనధికారికంగా నిజాంకు రాజ్యాంగ సలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్ అనే లండన్ న్యాయవాది. ప్రతిపక్షంలో ఉన్న చర్చిల్ పార్లమెంటులో హైదరాబాదు తరఫున వాదించాడు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు 1948లో కరాచీ నుంచి రాత్రివేళ బీదరు, వరంగల్లు విమానాశ్రయాలకు ఆయుధాలు చేరవేశాడు. తర్వాత లండన్ కోర్టు అతనికి 200 పౌన్ల జరిమానా వేసి వదిలేసింది. 200 పౌన్లు! నల్లగొండలో ఒక సంఘం కార్యకర్తకు అన్నం పెట్టినందుకు పడ్డ శిక్షలతో దీన్ని పోల్చి చూడండి. పాకిస్తానుకు హైదరాబాదు 20 కోట్ల రూపాయల అప్పు ఇచ్చింది. 1948 సెప్టెంబరు 11న జిన్నా మరణించాడు. 13న భారత సైన్యం కదిలింది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. ఆనాడు భారత సైన్యానికి అధిపతి జనరల్ రాయ్ బుచర్. పాకిస్తాన్ సైన్యానికి అధిపతి జనరల్ డగ్లస్ గ్రేసీ. ఇద్దరూ ఇంగ్లీషువారే. ఈ గ్రేసీ 1945లో సైగాన్‌లో దిగి, వియత్నాం ప్రజలు చేజిక్కించుకున్న నగరాన్ని తిరిగి ఫ్రెంచివారికి ఒప్పజెప్పిన సేనాని. మలయా, గ్రీసు, ఇండోచైనా, నల్లగొండ వేరువేరు కథలని మనం అనుకుంటాం. ఆ కథల్లోని సేనానులు ఒక చోటినుంచి మరొక చోటికి బదిలీ మీద పోయినవారు.

విద్యార్థిని అడిగిన ఐక్యరాజ్యసమితి సంగతి. మాట్లాడలేదనుకుంటే పొరపాటు. 1948 ఆగస్టు 21న హైదరాబాదు భద్రతా సమితికి ఫిర్యాదు తంతి పంపింది. సెప్టెంబరు 16న పారిస్‌లో సమావేశమైన సమితి దాన్ని చర్చకు చేపట్టడానికి 8 ఓట్లతో అంగీకరించింది. సోవియట్ యూనియన్, ఉక్రెయిన్, చైనా తటస్థంగా ఉన్నాయి. ఆ చైనా అప్పటికింకా చాంగ్ కై షేక్‌ది. మరునాడు నిజాం లొంగిపోయాడు; 22న ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నట్టు తంతి ఇచ్చాడు. పారిస్‌లో జరిగింది రెండు ప్రభుత్వాల తగాదా. ఎవరు ఎవరి సరిహద్దు దాటారన్నది ప్రశ్న. దున్నేవాడికి భూమి అన్నది అక్కడ ఏ పక్షపు ఫిర్యాదులోనూ లేదు. తిరుగుబాటు చేసిన ప్రజలు అంతర్జాతీయ వేదిక మీద తమ పేరుతో కనిపించరు, శాంతిభద్రతల సమస్యగా కనిపిస్తారు. అదే నెలలో నిజాం మంత్రి లండన్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మార్చిన పది లక్షల పౌన్ల పైకం మాత్రం డెబ్బై ఏళ్ళు బతికింది. వడ్డీతో మూడున్నర కోట్ల పౌన్లై, 2019లో కోర్టు తీర్పుతో భారత ప్రభుత్వానికీ, నిజాం వారసులకూ దక్కింది. అది వసూలైన కౌలు, సాగిన వెట్టి అన్న సంగతి ఆ కేసులో ఎవరి వాదనా కాదు.

సైనిక చర్యకు మరో ముఖం ఉంది. సుందర్‌లాల్ కమిటీ తక్కువలో తక్కువ అంచనాగా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని చెప్పింది. చనిపోయినవారిలో అత్యధికులు ముస్లింలు, ఎక్కువగా మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో. మన పోరాటాన్ని తురక రాజుమీద హిందువుల తిరుగుబాటుగా రాస్తున్నవారికి బందగీని గుర్తుచేయాలి. విసునూరు దొరను కోర్టుకీడ్చి ప్రాణం పోగొట్టుకున్న కామారెడ్డిగూడెం రైతు అతను. సుంకర, వాసిరెడ్డిల 'మా భూమి' నాటకానికి ఆధారం ఆ జీవితమే.

ప్రపంచానికి 1948 సెప్టెంబరుతో కథ ముగిసింది. నల్లగొండకు ఇంకా మూడేళ్ళున్నది. దొరలు మిలిటరీ లారీల వెనక తిరిగి వచ్చారు. దళాలు కృష్ణ ఒడ్డున దేవరకొండ దాటి అమ్రాబాదు వైపు నల్లమలలోకీ, అటు గోదావరి అడవుల్లోకీ వెనక్కు జరిగాయి. కోయగూడేలను ఖాళీ చేయించి శిబిరాల్లో పెట్టారు. మలయాలో ఇంగ్లీషు సైన్యం ఆ రోజుల్లోనే అదే పని చేస్తున్నది. 3 వేల గ్రామాలు, 10 లక్షల ఎకరాల పంపకం, 4 వేల మంది అమరులు - ఇవి సుందరయ్య ఇచ్చిన లెక్కలు.

మిత్రదేశం ఏమన్నది? ఇది మనవాళ్ళు రాయడానికి ఇప్పటికీ జంకే ప్రశ్న. 1951 ఆరంభంలో డాంగే, అజయ్ ఘోష్, రాజేశ్వరరావు, బసవపున్నయ్య రహస్యంగా మాస్కో వెళ్ళారు. ఫిబ్రవరిలో స్టాలిన్‌తో మాట్లాడారు. చైనా విప్లవానికి వెనుక సోవియట్ సరిహద్దు ఉండింది, మీకు అలాంటి వెన్నుదన్ను లేదు, గెరిల్లా యుద్ధం ఒక్కటే గెలిపించలేదు - సంభాషణ సారాంశం అది. పటం మీద చూస్తే కాదనలేని మాట. కాని నల్లమలలో నీళ్ళు దొరకని చోట తుపాకీ దాచుకుని కూచున్నవాడికి ఆ పటం ఎవరు చూపించారు? అక్టోబరు 21న పోరాట విరమణ ప్రకటన వెలువడింది. అంతకు ఆరునెలల ముందే, ఏప్రిల్ 18న, అదే జిల్లా పోచంపల్లిలో వినోబా భావేకు వంద ఎకరాల దానం అందింది. 1952 ఎన్నికల్లో నల్లగొండ రావి నారాయణరెడ్డికి నెహ్రూకంటె ఎక్కువ ఓట్లిచ్చింది. ఓడినవాళ్ళు వేసిన ఓట్లలా లేవవి. మాస్కో ప్రయాణానికీ ఆ ఓట్లకూ మధ్య నలిగిన మనిషి నవల, నేను చదివినంతలో, ఇంకా రాలేదు.

అయితే చర్చిల్‌నూ స్టాలిన్‌నూ పాత్రలుగా తెచ్చి నవలలో కూచోబెట్టమని నేననడం లేదు. అలా చేస్తే కరపత్రమవుతుంది. పరాయి రాజ్యం నల్లగొండ పల్లెకు ఎంత దగ్గరలో ఉండిందో చూడమంటున్నాను. మునగాల పరగణా నాలుగువైపులా నైజాం నేల మధ్య ఉన్నా కృష్ణా జిల్లాలో భాగం. అంటే 1947 దాకా ఇంగ్లీషు ఇలాకా. అక్కడ కల్దారు రూపాయి, ఇవతల హాలీ సిక్కా. ఆ పొలిమేర ఊరి పెద్దాయనొకరు నాతో అన్నాడు: "గా కట్ట దుంకితే ముల్కు మారేది బిడ్డా. పోలీసులు కట్ట కాడనే నిలవడి తిట్టేటోళ్లు. తర్వాత్తర్వాత అటు దిక్కు గూడ మలబారోళ్లు అచ్చిండ్రు. ఇగ దుంకి ఏం జేస్తవు?" 1948 తర్వాత మద్రాసు ప్రభుత్వపు మలబారు పోలీసులు కృష్ణా జిల్లాలో దిగిన సంగతి అది. ఒక చెరువుకట్ట మీద అంతర్జాతీయ రాజకీయమంతా నిలబడి ఉన్నది.

విద్యార్థిని తన పరిశోధనలో 'మోదుగుపూలు' అధ్యాయం ఇంకా మొదలుపెట్టలేదట. మొదలుపెట్టే ముందు ఒకసారి మునగాల వెళ్ళి రమ్మని ఉత్తరం రాశాను. ఆ పెద్దాయనకు ఎనభై దాటాయి. వెళితే ఈ ఎండాకాలం లోపలే వెళ్ళాలి.